వాదర ఏ కోణంలో ఉంది?

(పాలకొల్లులో ఒక ఆదివారం సాయంత్రం వంటింటి కత్తుల గురించి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు కుర్చీలు కాస్త ముందుకి జరుపుకోండి, ఎందుకంటే ఇవాళ చెప్పేదానికన్నా చూపించేది ఎక్కువ, అదీ ఒక్క మిల్లీమీటరు మేర జరిగే పని, దూరం నుంచి ఏమీ కనపడదు. పిల్లల్ని మాత్రం ఈ బల్ల దగ్గరికి రానివ్వకండి.

నేను 28 ఏళ్ళు రైసు మిల్లుల్లో ఫిట్టరుగా చేశాను. లేతు మీద పనిచేసినవాళ్ళకి తెలుసు, టూలు నూరేటప్పుడు రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే అది ఇనుముని కోయదు, రుద్దుతుంది, పొగ లేస్తుంది. పగలంతా ఆ డిగ్రీలతో కుస్తీ పట్టి సాయంత్రం ఇంటికొస్తే మా అమ్మ మొండి చాకుతో దొండకాయలు కోస్తూ ఉండేది, ఒక్కో కాయని రెండేసిసార్లు నొక్కి. ఎన్నేళ్ళు చూశానో అలా. పొద్దున్నించీ నేను చేసొచ్చిన పనే మా వంటింట్లోనూ చెయ్యొచ్చని నాకు తట్టలేదు. ఆవిడ పోయాక తట్టింది. అప్పట్నించీ ఎవరు పిలిచినా వెళ్ళి చెప్తున్నాను.

నా దగ్గరికి వచ్చే చాకుల్లో ఎక్కువ భాగం నూరనివి కావు, నూరినవే. నూరి నూరి అరిగిపోయినవి కూడా ఉంటాయి. కానీ తెగవు. ఇదిగో ఈ చాకు ముందు వరసలో ఉన్న అమ్మగారిది, పోయిన నెలే సంతలో నూరించారట. టమాటా మీద పెడుతున్నాను చూడండి. చాకు ఆనగానే తొక్క లోపలికి గుంట పడింది, ఇంకా తెగలేదు, ఇంకా నొక్కుతున్నాను... ఇప్పుడు పుటుక్కున చీలింది, గింజలన్నీ బల్ల మీదే. ఇది కోయడం కాదు, నొక్కి చింపడం. ఉల్లిపాయనీ ఇలాగే చితక్కొడుతుంది, చితికేకొద్దీ ఘాటు ఎక్కువ బయటికొస్తుంది, కళ్ళు మండేది అందుకే. వేలితో తడిమితే మాత్రం వాదర గరగరలాడుతోంది, పదునున్నట్టే ఉంది. లోపం పదునులో లేదండీ, వాలులో ఉంది.

వాలు అంటే ఏంటో చెప్తాను. చాకుని అడ్డంగా ముక్క చేసి చూస్తే వెన్ను దగ్గర మందంగా ఉండి కిందకి సన్నబడుతూ వస్తుంది కదా, ఆఖర్న ఒక మిల్లీమీటరు దగ్గర రెండు వైపులా ఇంకొంచెం ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ చెక్కుడే వాలు, వర్క్‌షాపులో బెవెల్ అంటాం. రెండు వాలులూ కలిసే గీత వాదర. బాగా నూరిన వాదర ఎంత సన్నమంటే ఒక మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, దరిదాపుల్లో ఉంటుంది, మన తలవెంట్రుక మందమే 50 నుంచి 100 మైక్రాన్లు. అయితే వాదర ఎంత సన్నగా ఉన్నా, దాని వెనకాల వాలు మరీ మొద్దుగా ఉంటే, మొదటి వెంట్రుకవాసి తెగుతుంది, ఆ తర్వాత ఆ మొద్దు భుజాలు, అంటే వాలు మొదలయ్యే పై అంచులు, కాయలో ఇరుక్కుంటాయి. క్యారెట్టు కోస్తుంటే మధ్యలో పటక్కున విరుగుతుంది చూడండి, అది అదే.

డిగ్రీలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి ముందే తేల్చుకోవాలి. నేను 15 అంటే ఒక పక్కకి 15, రెండూ కలిపితే 30. కొందరు రెండూ కలిపి చెప్తారు, కొందరు ఒక పక్కే చెప్తారు, ఇంటర్నెట్టులో చూసి వచ్చినవాళ్ళ గందరగోళమంతా ఇక్కడే. నేను ఎప్పుడూ ఒక పక్కే చెప్తాను.

15 డిగ్రీలు ఇంట్లో ఎలా కొలుస్తాం? దీనికి కోణమాపకం అక్కర్లేదు. కాగితం మూల 90 డిగ్రీలు. దాన్ని సరిగ్గా సగానికి మడిస్తే 45, మళ్ళీ మడిస్తే 22న్నర, ఇంకోసారి మడిస్తే 11కి కాస్త పైన. 22న్నర మడతకీ 11 మడతకీ మధ్యలో చాకు పట్టుకుంటే మీరు 15 దగ్గరో 20 దగ్గరో ఉన్నట్టే. ఇంకా తేలికది ఒకటుంది, నేను రోజూ వాడేది ఇదే. చాకు వెడల్పు చూసుకోండి, వాదర నుంచి వెన్ను దాకా. చాకుని రాయి మీద పడుకోబెట్టి, ఆ వెడల్పులో నాలుగో వంతు ఎత్తుకి వెన్ను లేపితే 14న్నర డిగ్రీలు. మూడో వంతు లేపితే 19న్నర. సగం లేపితే 30. అమ్మగారి చాకు వెడల్పు 4 సెంటీమీటర్లు, అంటే వెన్ను కింద సెంటీమీటరు ఖాళీ ఉంటే 15 డిగ్రీలకి కాస్త తక్కువ. నా చిటికెన వేలి మందం దాదాపు అంతే ఉంటుంది, మీది ఎంతో ఇంటికెళ్ళి స్కేలుతో కొలుచుకోండి, ఆ తర్వాత స్కేలు అవసరం ఉండదు.

సరే, ఏ పనికి ఎంత కోణం? జర్మనీ కంపెనీలు ఒకప్పుడు వంటింటి చాకులకి పక్కకి 20 పెట్టేవి, ఇప్పుడు 14, 15కి దించేశాయి. జపాను వాళ్ళు 12 నుంచి 15 మధ్య పెడతారు, వాళ్ళ ఉక్కు గట్టిది కాబట్టి ఆగుతుంది. మనం బజార్లో కొనే మామూలు స్టీలు చాకు అంత గట్టిది కాదు, దానికి 15కి కిందకి దిగితే వాదర రెండు రోజుల్లో మడత పడిపోతుంది. కూరగాయలకి 15 నుంచి 18 పెట్టండి, చాలు.

కానీ మన గోదావరి జిల్లాల వంటిల్లు ఒక్క కూరగాయలతో ఆగేది కాదు కదా. ఆవకాయ కత్తినే తీసుకోండి. ఆవకాయ ముక్కకి టెంక అంటుకుని ఉండి తీరాలి, లేకపోతే ముక్క ఏడాది దాకా బిగువుగా ఉండదు. ఆ టెంక మీద ఒక్క దెబ్బ పడాలి, కాయ రెండు ముక్కలవ్వాలి. ఆ కత్తి కోసేది సగం, చీల్చేది సగం. దానికి 15 డిగ్రీలు పెట్టారంటే మొదటి వంద కాయలకే వాదర పళ్ళు పళ్ళుగా లేచిపోతుంది. 25 నుంచి 30 ఉండాలి. ఎండాకాలం రాగానే ఆవకాయ కత్తిని కూడా చాకులతో పాటే ఇచ్చి అన్నీ ఒకేలా నూరించుకొస్తారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ తప్పు నేనూ చేశాను. ఆచంట వైపు ఒక పెళ్ళికి వంట మేస్త్రి గారు ముందు రోజు నాకు మూడు కత్తులిచ్చారు. అప్పటికి నాకు ఈ 15 డిగ్రీల పిచ్చి కొత్తగా పట్టింది. మూడూ 15కి దింపేశాను, కాగితం గాల్లో పట్టుకుంటే జర్రున తెగుతోంది, చూసి మురిసిపోయాను. అందులో ఒకటి పనసపొట్టు కొట్టే కత్తి. పనసపొట్టు తెలుసు కదా, కోయడం కాదు అది, కాయ చెక్కు తీసి చెక్క మీద పెట్టి గంటల తరబడి టకటకా కొడుతూనే ఉండాలి, పొట్టు రాలేదాకా. ప్రతి దెబ్బకీ కత్తి చెక్కకి తగులుతుంది. పైగా పనసజిగురు, కత్తికి నూనె రాసుకుంటూ కొట్టాలి. తెల్లవారుజామున నాలుగింటికి మేస్త్రి గారు ఫోను చేశారు. వెళ్ళి చూస్తే వాదర ఒక పక్కకి ఒరిగిపోయి, మధ్యలో రెండు చోట్ల గోరంత ముక్కలు లేచిపోయి ఉన్నాయి. 300 మంది భోజనాలు. ఆ విరిగిన ముక్కలు పొట్టులో ఉన్నాయేమోనని కొట్టిన పొట్టంతా పారబోసి, మళ్ళీ కాయలు తెప్పించి మొదట్నించీ కొట్టారు. ఆయన నన్నొక్క మాట అనలేదు. అది నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఆ కత్తిని తర్వాత ఎలా చేశానంటే, వాలు మొత్తాన్ని 20కి పెట్టి, చిట్టచివర వాదర దగ్గర మాత్రం 25 దగ్గర పట్టుకుని అటు రెండు ఇటు రెండు మెల్లగా లాగాను. వెంట్రుకంత వెడల్పున రెండో వాలు ఏర్పడింది. వెనకాల సన్నగా ఉంది కాబట్టి దిగుతుంది, చివర బలంగా ఉంది కాబట్టి విరగదు. మైక్రో బెవెల్ అంటారు దీన్ని. మీ ఇంట్లో ఒకే ఒక్క చాకు ఉండి అన్నిటికీ అదే వాడతారనుకోండి, ఇలాగే చేసుకోండి, వాలు మొత్తం 15, చిట్టచివర 20.

చేపల సంగతి ఒక్క మాటలో చెప్తాను. పులసైనా కొరమీనైనా నడుముల్లు తెగాలి, కాబట్టి 20కి తగ్గించకండి. పొలుసు గీకేది మాత్రం వెన్నుతో గీకండి, వాదరతో కాదు. బొండాలు కొట్టే కత్తి నేను ముట్టుకోను, అది కొట్టేవాళ్ళకే బాగా తెలుసు.

ఇప్పుడు రాయి. కోనసీమలోగానీ ఇటు మన వైపుగానీ నుయ్యి తవ్వితే ఏం వస్తుంది? ఒండ్రు, ఇసుక, నల్ల బంకమన్ను. రాయి రాదు. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేశాడంటే ధవళేశ్వరం దగ్గర కొండ ఉంది కాబట్టే, రాయి అక్కడ తవ్వుకున్నారు. మన దొడ్లో బట్టలుతికే బండ, రోలు, నూతి గట్టు మీద పరిచిన రాయి, ఇవన్నీ పైనుంచి వచ్చినవే. చిన్నప్పుడు మనందరం ఆ బండ మీదే చాకు నూరాం. అది తప్పని నేననను, రాయి రాయే, కానీ అది సమంగా ఉండదు, గుంటలుంటాయి, గుంటలో చాకు ఊగుతుంది, ఊగితే కోణం నిలవదు.

హార్డ్‌వేరు షాపులో రెండు వైపుల కార్బొరండం రాయి దొరుకుతుంది, ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు. ఈ పదార్థాన్ని 1891లో ఎడ్వర్డ్ అచెసన్ అనే అమెరికన్ మట్టీ కోకు పొడీ కలిపి కరెంటుతో మండించి తయారుచేశాడు, కార్బనూ, కురువిందం అనే గట్టి ఖనిజమూ కలిసిందేమోననుకుని ఆ పేరు పెట్టాడు. ఇంగ్లీషులో కోరండం అంటున్నారే, అది మన కురువిందమే, ఈ దక్షిణాది భాషల్లోంచి వెళ్ళిన మాట. లక్కలో కురువిందం పొడి కలిపి సానచక్రాలు చేసుకున్న దేశం మనది. సరే, దారి తప్పాను. ఆ రాయితో పాటు 1000 నంబరు రాయి ఇంకొకటి కొనుక్కుంటే ఇంటికి సరిపోతుంది. నంబరు పెరిగేకొద్దీ నునుపు. నీళ్ళతో వాడే రాయైతే బుడగలు ఆగేదాకా నానబెట్టండి, పది నిమిషాలు. అడుగున తడిగుడ్డ వేస్తే జారదు. రాయి మధ్యలో గుంట పడితే సిమెంటు గచ్చు మీద నీళ్ళు పోసి రుద్దండి, సమమైపోతుంది.

ఇప్పుడు అమ్మగారి చాకుకి వద్దాం. నల్ల మార్కరుతో వాలు మొత్తం సిరా పూస్తున్నాను, రెండు పక్కలా. వెన్ను సెంటీమీటరు లేపి గరుకు రాయి మీద రెండుసార్లు లాగుతాను. దగ్గరికి రండి, చూడండి. సిరా పై అంచులో పోయింది, తళతళమంటోంది, కానీ వాదర దగ్గర నల్లగా అలాగే ఉంది. అంటే రాయి ఇంకా వాదరని ముట్టుకోనే లేదు. ఈ చాకు వాలు 25 డిగ్రీల దగ్గరుంది, నేను 15 దగ్గర పట్టుకున్నాను కాబట్టి భుజం మాత్రమే అరుగుతోంది. ఇప్పుడు ఇలాగే పది లాగులు లాగి వదిలేస్తే ఏమవుతుంది? ఏమీ అవ్వదు, చాకు ఎప్పటిలాగే మొండిగా ఉంటుంది, నూరినా లాభం లేదని మీరు రాయిని అటక మీద పెట్టేస్తారు. చాలామంది ఇళ్ళలో జరిగేది ఇదే. సిరా వాదర దాకా పోయేంతవరకూ అరగదీయాలి. దీన్నే వాలు మార్చడం అంటాం. ఈ చాకు వాదర వెనక అర మిల్లీమీటరు మందం ఉంది, 25 దగ్గర వాలు వెడల్పు 0.6 మిల్లీమీటర్లు, 15కి దించితే దాదాపు 1 మిల్లీమీటరు అవుతుంది. చూడ్డానికి ఎంతో లేదు, కానీ అంత ఉక్కు చేత్తో అరగాలంటే గరుకు రాయి మీద అరగంట పట్టొచ్చు. ఒక్కసారే చెయ్యాలి ఈ పని, తర్వాత నెలకోసారి అయిదు నిమిషాలు చాలు.

టెన్షన్ పడి గట్టిగా నొక్కకండి. పిడి ఒక చేత్తో, రెండో చేతి రెండు వేళ్ళు వాదరకి దగ్గరగా, రాయి మీద ఉన్న చోటునే నొక్కాలి. మొన దగ్గరికి వచ్చేసరికి చాకు వంపు తిరుగుతుంది కాబట్టి పిడి కాస్త పైకి లేపాలి, లేకపోతే మొన అరగదు. ఒక పక్కే చేస్తూ ఉండండి, రెండో పక్కకి తొందరపడొద్దు. ఎప్పటిదాకా అంటే, బొటనవేలిని వెన్ను వైపు నుంచి వాదర వైపుకి, బయటికి ఇలా జారిస్తే, పొడుగునా ఎప్పుడూ రాయొద్దు, ఇలా అడ్డంగా జారిస్తే, అవతలి పక్క చిన్న గరుకు తగులుతుంది. అది బర్. అరిగిన ఉక్కు సన్న రేకులా అవతలికి మడత పడింది. ఆ రేకు పిడి దగ్గర నుంచి మొన దాకా తగలాలి. తగిలిందంటే ఈ పక్క రాయి వాదర దాకా వెళ్ళినట్టే లెక్క, అప్పుడే చాకు తిప్పండి. రెండో పక్కా అలాగే. ఆ తర్వాత 1000 రాయి మీద, బరువు తగ్గించుకుంటూ, చివర చాకు సొంత బరువే ఆనేలా, అటొకటి ఇటొకటి.

ఆ రేకుని వదిలేస్తే మొదటి రోజు బ్రహ్మాండంగా తెగుతుంది, రెండో రోజుకి ఒరిగిపోతుంది. సంతలో నూరించిన చాకు మర్నాటికే మొండిదైపోవడానికి ఒక కారణం ఇదే. పాత తోలు బెల్టు మీద, అది లేకపోతే బల్ల మీద పరిచిన నాలుగు మడతల న్యూసుపేపరు మీద, వాదర వెనక్కి ఉండేలా పది పన్నెండుసార్లు లాగండి.

రెండో కారణం చక్రం. సైకిలు తొక్కుతూ నూరేవాళ్ళ పొట్ట కొట్టాలని నేను చెప్పడం లేదు, వాళ్ళలో చెయ్యి తిరిగినవాళ్ళున్నారు, నీళ్ళు చల్లుకుంటూ మెల్లగా చేస్తారు. కానీ కరెంటు చక్రం మీద నిప్పురవ్వలు ఎగిరేలా నొక్కితే వాదర కాలిపోతుంది. మా పెద్దక్కకి కమ్మరి ఒకాయన లారీ కమాను పట్టీతో చాకు చేసిచ్చాడు, పదేళ్ళు వాడింది. ఎవరి దగ్గరో చక్రం పట్టించుకొచ్చింది, మొన దగ్గర నాలుగు వేళ్ళ మేర నెమలికంఠం రంగు. మామూలు కార్బను ఉక్కుకి ఆ నీలం సుమారు 300 డిగ్రీల వేడి దగ్గర వస్తుంది, అప్పటికే కమ్మరి పెట్టిన గట్టిదనం కొంత దిగిపోతుంది. ఎంత నూరినా అక్కడ నిలవదు. ఆ నీలం పోయేదాకా రాయి మీద చేత్తో అరగదీశాను, రెండు సాయంత్రాలు పట్టింది, చాకు ఒక వేలు మేర పొట్టిదైంది. అక్క ఏమీ అనుకోలేదు గానీ నాకే బాధేసింది, ఆ కమ్మరి ఇప్పుడు లేడు.

(సభలో ఒకావిడ: పింగాణీ కప్పు అడుగున నూరుకోవచ్చా అండీ?)

నూరుకోవచ్చమ్మా, కప్పు అడుగున మెరుపు లేని వలయం ఉంటుంది చూడండి, అది ఉక్కు కన్నా గట్టిది. కోణం సరిగ్గా ఉన్న చాకుకి మధ్యమధ్యలో నాలుగు లాగులకి పనికొస్తుంది. వాలు మార్చడానికి మాత్రం పనికిరాదు, దాంతో ఏడాది పడుతుంది. చికెన్ కొట్టువాళ్ళు స్టీలు రాడ్డు మీద రుద్దుతారే, అదీ అంతే, ఒరిగిన వాదరని నిలబెడుతుంది, కొత్త వాదర ఇవ్వదు. ఇంకోటి, గ్రానైటు గట్టు మీదా స్టీలు పళ్ళెంలోనూ కోయకండి, ఎంత బాగా నూరినా రెండు పూటల్లో పోతుంది. మాంసం కొట్లో చింతమొద్దు ఎందుకు పెడతారో ఆలోచించండి. ఇనుప చాకైతే మామిడికాయ, చింతపండు తగిలిన వెంటనే కడిగి తుడిచి ఒక చుక్క కొబ్బరినూనె రాయండి, మన తేమకి రాత్రికి రాత్రే తుప్పు పట్టేస్తుంది.

కత్తిపీట గురించి కూడా అడుగుతారని తెలుసు. దాన్ని రాయి దగ్గరికి తేలేం, రాయినే దాని దగ్గరికి తీసుకెళ్ళాలి. చిన్న రాయి ముక్క తీసుకోండి, పీట కదలకుండా కాలితో తొక్కిపెట్టి, కత్తికి ఒక పక్కగా కూర్చుని, రాయిని వెన్ను వైపు నుంచి వాదర వైపుకి బయటికి జార్చండి. ఎదురు తొయ్యొద్దు, చెయ్యి జారితే వేళ్ళు సరాసరి వాదర మీదకెళ్తాయి. సిరా గుర్తు, బర్, అన్నీ ఇందాకటివే. 20 డిగ్రీలు పెట్టుకోండి, దాని మీద వంకాయ నుంచి కంద దాకా అన్నీ తరుగుతాం కదా. కొసన కొబ్బరి కోరు ఉంటే దాని పళ్ళ జోలికి రాయితో వెళ్ళకండి, సన్న ఆకురాయితో ఒక్కో పన్నూ విడిగా.

అమ్మగారి చాకు మాట్లాడుతూనే చేశాను, ఒక పక్క అయింది, రెండో పక్క సగం. మొత్తం అవ్వాలంటే ఇంకో పావుగంట. కానీ పిడి దగ్గర రెండంగుళాల మేర రెండు పక్కలా పూర్తయింది, టమాటా అక్కడ పెడుతున్నాను. నొక్కట్లేదు, చెయ్యి తీసేశాను చూడండి, ఊరికే వెనక్కి లాగుతున్నాను. తొక్క గుంట పడలేదు. ఈ ముక్కలోంచి నా వేలు కనపడుతోంది.

అమ్మా, కాసేపు ఆగండి, మిగతాది కూడా పూర్తిచేసి కాగితంలో చుట్టి ఇస్తాను. ఆ వెనక ఎవరో ఆవకాయ కత్తి తెచ్చినట్టున్నారు, ఇటు తీసుకురండి, దాని వాలు ముందు చూద్దాం. మార్కరు ఎవరి దగ్గరుంది?